డల్లాసునుండి తిరువూరునకు ఎన్ని గంటలు?

తిరువూరు చుట్టుపట్ల కాకర్ల, మల్లేల, మునుకుళ్ళ, కోకిలంపాడు వంటి గ్రామములలో నేడు అమెరికాలోనో, గల్ఫు దేశములలోనో, సింగపూరులోనో బిడ్డలున్న ఇండ్లు అరుదు కావు. అట్టి ఇంట పెద్దవారు కన్నుమూసినపుడు ఇరుగుపొరుగువారు మొదట వార్డు సభ్యునకో, సర్పంచికో కబురు చేయుదురు. ఫ్రీజరు పెట్టె తెప్పించవలెను. కరెంటు పోయినచో జనరేటరు సిద్ధముగా ఉండవలెను. శ్మశానమునకు పోవు దారి బాగుచేయించి, కట్టెలు తోలించవలెను. దూరపు బంధువులకు వేళ తెలియజేయవలెను. ఈ పనులన్నిటికిని ముందుగా ఒక ప్రశ్నకు సమాధానము కావలసియున్నది: అబ్బాయి ఎప్పటికి వచ్చును?

అంతలో అక్కడనున్న యువకులలో ఒకరు సెల్‌ఫోను తీసి చూచి, హైదరాబాదునుండి డల్లాసునకు పదునాలుగువేల నాలుగువందల ఇరువది కిలోమీటర్లనియు, విమానములో పదహారున్నర గంటల ప్రయాణమనియు చెప్పును. ఈ ఉదయము బయలుదేరినవాడు రేపు మధ్యాహ్నమునకు రాకపోవునా అని అందరును అనుకొందురు. ఆ వేళకే అన్నియు కుదుర్చుకొందురు. మరునాడు మధ్యాహ్నము గడచును, సాయంకాలము గడచును. దూరమునుండి వచ్చిన చుట్టములు బస్సుల వేళ చూచుకొని ఒక్కరొక్కరే లేచిపోవుదురు. ఇక ఆగుట మంచిది కాదని పెద్దలు తొందరపెట్టుదురు, ఆగవలెనని తల్లి కంటనీరు పెట్టుకొనును. ఆ మాటామాటా పెరిగి పంచాయతీ సభ్యుని మీదికి వచ్చును. అందుచేత ఈ నెల మేము విమాన దూరమును, ప్రయాణ కాలమును ఎట్లు లెక్కకట్టుదురో, ఆ లెక్కను మన ఊరి లెక్కగా ఎట్లు మార్చుకొనవలెనో సభ్యులకు వివరింపదలచితిమి.

ఫోనులో కనబడిన లెక్క తప్పు లెక్క కాదు. రెండు విమానాశ్రయముల నడుమ భూమిమీద మిక్కిలి దగ్గరి దారి ఎంతయో కట్టి, గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగించి, ఎక్కుట దిగుటలకు అరగంట కలుపుదురు. అంతే. ఆ దారిన ఏ విమానమైనను పోవుచున్నదా అని అది చూడదు. శంషాబాదునుండి మన ఊరికి ఎట్లు రావలెనో అది ఎరుగదు.

దారము చెప్పు దూరము

ఈ దగ్గరి దారిని ఉన్నత పాఠశాలలోని గ్లోబు సాయమున ఎవరైనను చూడవచ్చును. గోడమీది పటముపై హైదరాబాదునుండి డల్లాసునకు కొలబద్ద పెట్టి గీత గీసినచో ఆ గీత అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ మహాసముద్రముల మీదుగా పడమరకు సాగును. గ్లోబుపై ఒక నూలుదారపు కొనను హైదరాబాదువద్ద నొక్కిపట్టి, రెండవ కొనను డల్లాసువరకు బిగువుగా లాగి చూడుడు. దారము పడమరకు పోదు. తిన్నగా ఉత్తరమునకు ఎగబ్రాకి, హిమాలయములను, మధ్య ఆసియాను, సైబీరియాను దాటి, ఉత్తర ధ్రువమునకు ఐదారువందల కిలోమీటర్ల చేరువగా పోయి, కెనడామీదుగా అమెరికాలోనికి దిగును.

కారణము సులభమే. హైదరాబాదు తూర్పు రేఖాంశము 78 డిగ్రీలపైన ఉన్నది. డల్లాసు పశ్చిమ రేఖాంశము 97 డిగ్రీలవద్ద ఉన్నది. రెండును కలిపిన 175 డిగ్రీలు దాటును. అనగా భూమిని ఒక గుమ్మడికాయగా భావించినచో, ఈ రెండు ఊళ్ళును కాయకు ఇంచుమించు ఎదురెదురు ప్రక్కల ఉన్నవి. ఒక ప్రక్కనుండి ఎదుటి ప్రక్కకు నడుముచుట్టు తిరిగి పోవుటకంటె తొడిమమీదుగా పోవుట దగ్గర. నేరుగా ధ్రువము మీదనే పోయినను దారి రమారమి ఇరవై కిలోమీటర్లే పెరుగును.

గ్లోబు అడ్డుకొలత 30 సెంటీమీటర్లైనచో, దానిపై ఒక సెంటీమీటరు రమారమి 425 కిలోమీటర్లకు సమానము. దారము కొలిచిన 34 సెంటీమీటర్లు వచ్చును. హెచ్చించి చూడుడు, 14,450 కిలోమీటర్లు. ఫోను చెప్పిన లెక్కకు ముప్పది కిలోమీటర్ల తేడా మాత్రమే. పాఠశాల పిల్లలచేత ఈ పని ఒకసారి చేయించినచో వారికిని సంతోషము, ఊరికిని ఉపయోగము. ఒక్క జాగ్రత్త అవసరము. అమెరికావారు దూరమును మైళ్ళలో చెప్పుదురు. ఇదే దూరము వారి లెక్కలో 8,960 మైళ్ళు. విమానము నడుపువారి నాటికల్ మైలు వేరు, అది 1.852 కిలోమీటర్లు. ఆ లెక్కన ఈ దూరము 7,800 కంటె తక్కువగా కనబడును. ముగ్గురు మూడంకెలు చెప్పినంతమాత్రమున ముగ్గురిలో ఇద్దరు తప్పు చెప్పినట్లు కాదు.

గంటకు తొమ్మిదివందలు ఎల్లపుడు కాదు

పెద్ద విమానము ఎత్తున స్థిరముగా సాగునపుడు వేగము గంటకు 900 కిలోమీటర్ల ప్రాంతమున ఉండును. నేలమీద కదలుట, పైకెక్కుట, క్రిందికి దిగుట, ఆశ్రయముపై తన వంతుకై చుట్టు తిరుగుట ఈ వేగమున జరుగవు. గన్నవరమునుండి శంషాబాదునకు ఆకాశమార్గమున 265 కిలోమీటర్లు. తొమ్మిదివందల లెక్కన పద్దెనిమిది నిమిషములలో చేరవలెను. టికెట్టుపై మాత్రము గంట, ఒక్కొక్కపుడు అంతకు మించియు వ్రాసియుండును. దూరప్రయాణములో ఈ ఎక్కుట దిగుటల భాగము చిన్నదగును గావున, అక్కడ గాలి ప్రభావము మిక్కిలిగా కానవచ్చును.

కృష్ణలో పడవ నడిపినవారికి ఈ విషయము వేరుగ చెప్పనక్కరలేదు. వాలుకు పోవుట ఒక లెక్క, ఎదురీదుట మరియొక లెక్క. భూమికి పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున పడమరనుండి తూర్పునకు బలమైన గాలిపాయలు ప్రవహించుచుండును. శీతకాలమున వీని వేగము గంటకు 150 కిలోమీటర్లను తరచు దాటును, అప్పుడప్పుడు 300 కిలోమీటర్లను సైతము మించును. హైదరాబాదునుండి దుబాయికి 2,550 కిలోమీటర్లు. ఇక్కడినుండి పోవునపుడు విమానము నాలుగు గంటలు తీసికొనును, అక్కడినుండి వచ్చునపుడు మూడున్నర గంటలలో వచ్చును. దారి ఒక్కటే. దుబాయినుండి డల్లాసునకు రమారమి 12,930 కిలోమీటర్లు. అచటికి పోవుటకు పదహారు గంటలు, తిరిగివచ్చుటకు పదునాలుగున్నర నుండి పదునైదు గంటలు పట్టును. కావున అబ్బాయి అమెరికాకు పోయిన నాటి గంటలను పట్టుకొని, వచ్చుటకును అన్ని గంటలేయని లెక్క వేయరాదు.

దగ్గరి దారిన విమానము ఏది?

హైదరాబాదునుండి డల్లాసునకు ఎక్కడను దిగకుండ పోవు విమానము లేదు. దుబాయి, దోహా, లండను, ఢిల్లీ మొదలగు ఏదో ఒక చోట దిగి మరియొక విమానము ఎక్కవలెను. దుబాయిమీదుగా పోయినచో రెండు అంచెలు కలిపి 15,480 కిలోమీటర్లు; దారము చూపిన దూరముకంటె వేయి కిలోమీటర్లు అధికము.

తెలుగునాటినుండి అమెరికాకు నేరుగా పోవు సర్వీసు ఒకటి వచ్చినది. 2021 జనవరి 15వ తేదీన ఎయిరిండియా హైదరాబాదునుండి చికాగోకు, రమారమి 13,280 కిలోమీటర్లు, ఎక్కడను ఆగని విమానమును ప్రారంభించెను. అది ఎక్కువకాలము నిలువలేదు. ఇట్టి సర్వీసు నడపుట ఎంత భారమో చెప్పుటకు ఒక్క అంకె చాలును. ఇంతదూరము పోవుటకై నిర్మించిన బోయింగు 777-200 ఎల్‌ఆర్ విమానము ఇంధనపు తొట్లలో 1,81,000 లీటర్లు పట్టును. ఐదువేల లీటర్ల నీటి ట్యాంకరులు ముప్పదియారు వరుసగా నిలిచినట్లు ఊహించుకొనుడు. మొదటి గంటలలో విమానము కాల్చు ఇంధనములో చాలభాగము మిగిలిన ఇంధనమును మోయుటకే ఖర్చగును. నడుమ దిగి నింపుకొని పోవు విమానమునకు ఆ బరువు తగ్గును. ప్రయాణికుల కాలము మాత్రము పెరుగును.

ఆకాశమునకును సరిహద్దులు కలవు. ఒక దేశము తన గగనతలమును మూసినచో దగ్గరి దారి కాగితముమీదనే మిగులును. 2022లో ఉక్రెయిను యుద్ధము మొదలైన పిమ్మట అమెరికా, ఐరోపా దేశముల విమానములకు రష్యా గగనతలము మూతపడినది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాను తన గగనతలమును భారతీయ విమానములకు మూసినది. ఢిల్లీనుండి అమెరికాకు పోవు మన విమానములు చుట్టు తిరిగి పోవలసి వచ్చి, కొన్ని దారిలో ఐరోపాలో దిగి ఇంధనము నింపుకొనవలసి వచ్చినది. దూరపు రెండు దేశముల తగవు తిరువూరులోని ఒక ఇంటి కర్మకాండ వేళను మార్చుట విచిత్రముగ తోచవచ్చును. కాని జరుగుచున్నది ఇదే.

పూర్వముకంటె ఇది ఎంతో మేలని ఒప్పుకొనవలెను. 1948 జూన్ 8న బొంబాయినుండి లండనునకు బయలుదేరిన ఎయిరిండియా మొదటి విదేశ విమానము, మలబార్ ప్రిన్సెస్, కైరోలోను జెనీవాలోను ఆగుచు పోయినది. నేడు ఆ దూరము ఒకే దూకుడున తొమ్మిది పది గంటలలో గడచును.

గడియారములు, తేదీలు

మేము ఎరిగిన ఒక కుటుంబమున కుమార్తె టికెట్టుపై 9వ తేదీ అని చూచి, అమెరికా దూరము గావున ఒక దినము కలుపుకొని, 10వ తేదీన శంషాబాదునకు కారు పంపిరి. ఆమె దిగినది 11వ తేదీ తెల్లవారుజామున. డ్రైవరు ఒక పగలు, ఒక రాత్రి ఆరుబయట కాచుకొనెను. ఎవ్వరి తప్పును లేదు. రెండు దేశముల గడియారములను ఒక గడియారముగా చదివిరి.

భూమి ఒక గంటకు 15 డిగ్రీలు తిరుగును. మన దేశపు గడియారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునుబట్టి నడచుచున్నది. ఆ రేఖ మన కాకినాడ సమీపముననే పోవుచున్నది. తిరువూరు అంతకంటె రమారమి రెండు డిగ్రీలు పడమర. కావున మన ఊరి సూర్యుడు సగటున ఏడెనిమిది నిమిషములు గడియారమునకు వెనుకబడియుండును. రెండు డిగ్రీలకే ఇంత తేడా ఉన్నపుడు భూమికి ఆవలి ప్రక్కనున్న డల్లాసు మాట చెప్పనేల? అచటి గడియారము శీతకాలమున మనకంటె పదకొండున్నర గంటలు వెనుక, వేసవిలో పదిన్నర గంటలు వెనుక. అమెరికావారు మార్చి రెండవ ఆదివారమున గడియారమును గంట ముందుకు త్రిప్పి, నవంబరు మొదటి ఆదివారమున తిరిగి వెనుకకు త్రిప్పుదురు. మనము త్రిప్పము. దుబాయి మనకు గంటన్నర వెనుక, ఏడాది పొడుగునను అంతే. సింగపూరు రెండున్నర గంటలు ముందు.

టికెట్టుపై బయలుదేరు వేళ బయలుదేరిన ఊరి గడియారము, చేరు వేళ చేరిన ఊరి గడియారము. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి కలదు. 2021 జనవరి 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతమున శాన్‌ఫ్రాన్సిస్కోనుండి ఎయిరిండియా విమానమొకటి బెంగుళూరునకు బయలుదేరెను. నడిపినవారందరును స్త్రీలే: కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవరే, శివానీ మన్హాస్. ఉత్తర ధ్రువము మీదుగా వచ్చి, జనవరి 11వ తేదీ తెల్లవారుజామున మూడు గంటల వేళ బెంగుళూరున దిగిరి. 9వ తేదీ రాత్రి ఎక్కి 11వ తేదీన దిగిరి గదా, రెండు దినములు పట్టెనా? కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర అనగా మనకు 10వ తేదీ ఉదయము పది గంటలు. అక్కడినుండి తెల్లవారుజాము మూడువరకు పదునేడు గంటలే. ముందుగా బయలుదేరు వేళను మన గడియారములోనికి మార్చుకొని, ఆ మీదనే గంటలు కలుపవలెను. ఈ క్రమము తప్పినచో ఎంత చదివినవారును పొరపడుదురు.

ఒక ఇంటి లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. శీతకాలమున ఒక సోమవారము తెల్లవారి ఐదు గంటలకు మన మండలములోని ఒక గ్రామమున తండ్రి మరణించెననుకొందము. ఆ నిమిషముననే ఫోను చేసిరి. డల్లాసులో అది ఆదివారము సాయంకాలము ఐదున్నర. కుమారునకు మరునాడు, అనగా అక్కడి సోమవారము, మధ్యాహ్నము పన్నెండు గంటల విమానములో చోటు దొరకినది. ఇది అదృష్టమే. మన గడియారమున అది సోమవారము రాత్రి పదకొండున్నర. అనగా అతడు ఇంకను నేలమీదనుండగానే ఇక్కడ పద్దెనిమిదిన్నర గంటలు గడచినవి. ఫోను చెప్పిన పదహారున్నర గంటలు అప్పటికే దాటిపోయినవి!

పదునాలుగున్నర గంటలలో దుబాయి. మనకు మంగళవారము మధ్యాహ్నము రెండు. రెండవ విమానమునకై నాలుగు గంటలు కాచుట. సాయంకాలము ఆరింటికి బయలుదేరి రాత్రి తొమ్మిదిన్నరకు శంషాబాదు. పాసుపోర్టు తనిఖీ, సామాను, వెలుపలికి వచ్చుట గంటన్నర, పదకొండు. సూర్యాపేట, ఖమ్మముల మీదుగా రాత్రివేళ కారులో ఐదున్నర గంటలు. తిరువూరు చేరుసరికి బుధవారము తెల్లవారి నాలుగున్నర.

మొత్తము నలుబదియేడున్నర గంటలు. ఇందులో ఆకాశమున గడచినవి పద్దెనిమిది. మిగిలిన ఇరువదితొమ్మిదిన్నర గంటలును నేలమీదనే గడచినవి: టికెట్టుకొరకు, విమానముకొరకు, సామానుకొరకు, రోడ్డుమీద. విమానపు వేగము ఎంత పెరిగినను ఈ ఇరువదితొమ్మిదిన్నర గంటలు తగ్గవు. కావున అమెరికానుండి మనిషి రావలసియున్నపుడు, కబురు అందినది మొదలు పూర్తి రెండు దినములు ఆగుటకు ఇంటివారు సిద్ధపడవలెను. చోటు దొరకనిచో, మంచు తుపానో పొగమంచో అడ్డువచ్చినచో మూడవ దినము. గల్ఫునుండి వచ్చువారి సంగతి వేరు. విమానము మూడున్నర గంటలే. సెలవు, పాసుపోర్టు, టికెట్టు కుదిరినచో మరునాటికి రాగలరు. సింగపూరునుండి గన్నవరమునకు 3,050 కిలోమీటర్లు. నేరు విమానము నాలుగు గంటలలో వచ్చును. అట్టి సర్వీసు మొదటిసారి 2018 డిసెంబరులో ప్రారంభమైనది. ఏ దినములలో ఏది నడచుచున్నదో ఆనాడే కనుగొనవలెను.

గన్నవరము దగ్గరగదా, అక్కడికే రమ్మనరాదా అని సభ్యులు అడుగవచ్చును. విస్సన్నపేట, నూజివీడుల మీదుగా మనకు గన్నవరము రమారమి రెండు గంటలు. శంషాబాదుతో పోల్చిన మూడున్నర గంటలు కలిసివచ్చును. కాని ఢిల్లీలో దిగి గన్నవరము విమానము పట్టుకొనవలెనన్నచో, సామాన్యముగా మొదట దిగిన భారత విమానాశ్రయముననే పాసుపోర్టు తనిఖీ, సామాను తీసికొనుట, మరల అప్పగించుట జరుగును. అక్కడ కాచు కాలము మూడున్నర గంటలకు తక్కువైననే ఇది లాభము. రాత్రి ఢిల్లీలో దిగి ఉదయపు విమానమునకై కూర్చుండువాడు, శంషాబాదులో దిగి కారెక్కినవానికంటె వెనుకబడును.

ఫోనులో అబ్బాయిని అడుగవలసిన మాటలు నాలుగే. టికెట్టు చేతికి వచ్చినదా, లేక చూచుచున్నావా? ఏ ఊరిలో, ఏ తేదీన, ఎన్ని గంటలకు దిగుదువు? చెప్పిన వేళ ఏ ఊరి గడియారము? కాగితములు సరిగా ఉన్నవా? ఈ చివరి మాట మరువరాదు. అమెరికా పౌరసత్వము తీసికొన్నవారికి ఓసీఐ కార్డుగాని మన దేశపు వీసాగాని లేనిదే విమానము ఎక్కనీయరు. అక్కడి ఉద్యోగపు వీసాపై ఉన్నవారు రాగలరు గాని, తిరిగి పోవుటకు పాసుపోర్టుపై ముద్ర కావలసియుండిన అది చిక్కు. రానా మానా అని అతడు తటపటాయించుచుండవచ్చును. దుఃఖములో ఉన్న తల్లిచేత ఈ మాటలు అడిగింపక, సభ్యులే ప్రక్కకు వచ్చి మెల్లగా అడుగుట మంచిది. వచ్చు వీలు లేదని తెలిసినచో ఆ మాట మొదటి గంటలోనే తెలియుట ఇంటివారికి ఒక విధముగ తెరపి.

ఆగవలెనా వద్దా అన్నది ఆ ఇంటివారు నిర్ణయించుకొనవలసిన విషయము. వారు ఆగుదుమన్నచో ఫ్రీజరు పెట్టెను ఒక దినమునకు కాక మూడు దినములకు మాట్లాడవలెను. జనరేటరునకు డీజిలు రెండు రాత్రులకు చాలునంత ఉంచవలెను. దూరపు బంధువులకు వేళ చెప్పునపుడు విమానము దిగు వేళ చెప్పక, మనిషి ఇల్లు చేరు వేళ చెప్పి, దానిపై మూడు గంటలు కలుపవలెను. పైన మేము వేసిన లెక్క తిరువూరు ఊరివరకే. అక్కడినుండి మీ గ్రామమునకు ఎంత దూరమో, వానకాలమున ఆ దారి ఎట్లుండునో మీకే తెలియును.